నైట్ షిఫ్టు వారపు టైంటేబుల్

గోదావరిఖని
జూన్ 20

సుప్రజా,

నీకూ నా మునిమనవడు శ్యామ్‌కూ ఆశీస్సులు ముందుగానే రాసేస్తున్నాను. ఉత్తరం చివరికి వచ్చేసరికి నా కోపం ఎక్కడిదాకా పోతుందో చెప్పలేను.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఫోనులో ఇబ్బందైన మాట రాగానే నీకు సిగ్నల్ పోతుంది. ఉత్తరానికి ఆ సౌకర్యం లేదు. నేను అడిగినవన్నీ కాగితం మీద ఉంటాయి. నువ్వు జవాబివ్వనివి ఏవో ఇద్దరికీ తెలుస్తుంది.

నిన్న మా బడి కమిటీ కూర్చుంది. నేను లెక్కలు చెప్పి, హెడ్‌మిస్ట్రెస్‌గా పదవీ విరమణ చేసిన బడి. గని కార్మికుల పిల్లల కోసం కాలనీవాళ్ళు పెట్టుకున్న బడి. ఈ ఏడు నుంచి దాన్ని మీ చిరుగాలి ట్రస్టు నడుపుతుందట. హైదరాబాదు నుంచి మీరు పంపిన కొత్త పద్ధతిని ఏడాదిపాటు అమలు చేసి చూస్తారట. ఆ పద్ధతి రాసినవారిలో మొదటి పేరు నీది. ఈ బడి గోడ పక్కన పెరిగిన దానివి, నాకు ఒక్క మాట చెప్పలేదు.

పద్ధతి మొత్తం చదివాను. రెండుసార్లు చదివాను. పీరియడ్లు ఉండవు. పరీక్షలూ మార్కులూ ఉండవు. పిల్లలు ఉదయం ఎప్పుడు వీలైతే అప్పుడు వచ్చి, నచ్చిన గదిలో నచ్చిన పని చేసుకోవచ్చు. హోంవర్కు బదులు ఇంటి దగ్గర అమ్మానాన్నలతో కలిసి ఏదైనా తయారు చేసుకురావాలి. గంట ఉండదు.

మీ భూపాల్ ఉన్నాడే, ఇక్కడ వ్యవహారం చూసే కుర్రాడు, అతను నాకు ఓపిగ్గా వివరించాడు. "గంట కొడితే పిల్లలు జడుసుకుంటరు మేడం."

"నాయనా, ఈ ఊరి పిల్లలు ఉయ్యాలలో ఉన్నప్పటినుంచీ ఓపెన్‌కాస్టు గని బ్లాస్టింగు వింటున్నారు. గంటకు జడుసుకుంటారా?" అన్నాను. కమిటీలో ఇద్దరు నవ్వారు. తీర్మానం మాత్రం మీ వైపే పోయింది.

ఆ గంట నీకు గుర్తుండే ఉంటుంది. గనిలో బొగ్గు టబ్బులు నడిచే పట్టాలోంచి కోసిన ఇనుప ముక్క. మూర పొడవుంటుంది. దాన్ని కట్టిన బడి అటెండరు రాయమల్లే ఈ రోజు విప్పాడు. "నా చేతితోనే గట్టిన, నా చేతితోనే ఇప్పుతున్న, గిదేం నౌకరి మేడం" అన్నాడు.

ఒక్క ప్రశ్న. శ్యామ్ బడి నుంచి వచ్చాక సాయంత్రం ఏం చేస్తాడు? ఒక వాక్యంలో రాస్తే చాలు.

అమ్మమ్మ


హైదరాబాదు
జూలై 2

అమ్మమ్మా,

ఆశీస్సులు ముందే వచ్చాయి కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

నీకు ముందు చెప్పకపోవడం నిజమే. చెబితే నువ్వు ఎర్ర సిరాతో దిద్ది పంపుతావు. నీ దిద్దుబాటు పడని పని ఒక్కటి చేయాలనిపించింది. నాకు ముప్పై నాలుగేళ్ళు.

నా చిన్నతనమంతా నీ ఇంట్లోనే గడిచింది. అమ్మానాన్నల ఉద్యోగాలు ఊరూరా తిరిగేవి, నేను నీ గోడమీది టైంటేబుల్ ప్రకారం తిరిగేదాన్ని. ఐదింటికి లేవడం, ఎక్కాలు, చేతిరాత, పాలు, బడి. ఆ ఇనుప ముక్క మీద దెబ్బ పడితే ఇప్పటికీ నా కడుపులో ఏదో ముడిపడుతుంది. నువ్వది క్రమశిక్షణ అంటావు. నేను భయం అంటాను.

ఇంకో మాట. ఈ బడులకు గంటలు ఎందుకు పెట్టారో ఎప్పుడైనా ఆలోచించావా? తండ్రి సైరన్ కూతకు లేచి గనికి పోతాడు. కొడుకు గంటకు లేచి వరుసలో నిలబడతాడు. పదేళ్ళు వరుసలో నిలబడినవాడు పదకొండో ఏట సైరన్‌కు సులువుగా అలవాటు పడతాడు. ఇక్కడ బాగా కలిగినవాళ్ళ పిల్లలు చదివే బడులు నేను చూశాను. చెట్ల కింద కూర్చుంటారు. టీచర్లను పేరు పెట్టి పిలుస్తారు. తమకు తోచింది అడుగుతారు. ఆ పిల్లలకు దొరికే స్వేచ్ఛ లారీ డ్రైవరు పిల్లలకు ఎందుకు దొరకకూడదు? కూలివాడి పిల్లకు గంట, కలవారి పిల్లకు గాలి, ఇదేనా న్యాయం?

ఏడాది ఆగి చూడు అమ్మమ్మా. అప్పుడు తిట్టు.

శ్యామ్ బాగున్నాడు. పళ్ళు ఊడుతున్నాయి.

సుప్రజ


గోదావరిఖని
ఆగస్టు 18

సుప్రజా,

శ్యామ్ పళ్ళ సంగతి నేను అడగలేదు.

నీ ఉత్తరం మంచి ఉత్తరం. కూలివాడి పిల్లకు గంట, కలవారి పిల్లకు గాలి అన్న చోట ఆగి, లేచి ఇంట్లో కాసేపు తిరిగాను. అది అబద్ధమని అనను. ఆగి చూడమన్నావు కాబట్టి చూశాను. చూసింది రాస్తున్నాను.

బడి గేటు ఎదురుగా కొత్తగా రెండు ట్యూషన్ సెంటర్లు వచ్చాయి. మీ బడి వదలగానే కిరాణా షాపు బుచ్చన్న కొడుకూ, కంపెనీలో పర్మనెంటు ఉద్యోగమున్నవాళ్ళ పిల్లలూ అక్కడికి పోతారు. లోపల పీరియడ్లున్నాయి, వారం వారం పరీక్షలున్నాయి, రానివాళ్ళ ఇంటికి ఫోను పోతుంది. గంట కూడా ఉంది, కరెంటు గంట. గంటను మీరు బడిలోంచి తీసేశారు, వాళ్ళు బజారులో పెట్టి అమ్ముతున్నారు. కొనగలిగినవాళ్ళు కొంటున్నారు.

కొనలేనివాళ్ళలో ఒక పిల్ల గురించి రాస్తాను. పేరు దీప. తొమ్మిదో తరగతి. తండ్రి శివ ఓపెన్‌కాస్టులో కాంట్రాక్టరు కింద మట్టి లారీ తోలుతాడు. తల్లి జమున గెస్ట్‌హౌస్‌లో వంట చేస్తుంది. బడి వెనక గోడకు ఆనుకుని వాళ్ళ రేకుల గది. నిరుడు ఈ పిల్ల నన్ను ఆపి, గనిలోకి దిగకుండానే అది ఎంత లోతుందో సర్వేయరు ఎట్ల కొలుస్తాడని అడిగింది. నేల మీద కర్రపుల్లతో గీసి చెప్పాను. రెండో రోజు వచ్చి నా గీతలో తప్పు చూపించింది. తప్పే. పదో తరగతి పాసై పాలిటెక్నిక్‌లో మైనింగు చదువుతానంటుంది. ఇప్పుడు ఆడపిల్లలు కూడా గనిలో ఉద్యోగాలకు వస్తున్నారుగా.

మీ పద్ధతి చివరి పేజీలో ఒక మాట ఉంది. జనవరిలో తొమ్మిదో తరగతి పిల్లల్ని రెండు దారుల్లో పంపుతారని. ఒకటి పదో తరగతి పరీక్ష దారి. రెండోది చేతిపని దారి. పిల్ల ఆసక్తిని బట్టి టీచర్లే నిర్ణయిస్తారు. భూపాల్ నాతో సంబరంగా చెప్పాడు, "దీపకు కుట్టుపనంటే పానం మేడం, ఇంటికాడ చేసి తెచ్చేటియన్ని సూది పనులే" అని. రుమాళ్ళు, సంచులు. బాగానే ఉన్నాయి. ఆమెను రెండో దారికి రాసుకున్నారట.

సర్వేయరు లెక్క అడిగిన పిల్ల రుమాలు కుట్టుకొస్తోంది. ఆసక్తి మారిందేమో, నాకు తెలియదు. కానీ మార్కులు తక్కువొచ్చిన పిల్ల రేపు చదివి తెచ్చుకోవచ్చు. "నీ ఆసక్తి ఇది" అని పెద్దవాళ్ళు రాసేసిన పిల్ల దాన్ని ఎవరితో చెరిపించుకోవాలి?

శ్యామ్ సాయంత్రం ఏం చేస్తాడు?

అమ్మమ్మ


హైదరాబాదు
సెప్టెంబరు 9

అమ్మమ్మా,

చేతిపనిని నువ్వు శిక్షలా రాశావు. మేము గౌరవంగా రాశాం. అందరూ పరీక్షలే రాయాలని ఎక్కడుంది? ఒక పిల్ల చేతుల్లో నైపుణ్యం ఉంటే దాన్ని గుర్తించడం తప్పా? ఆమెను ఎవరూ బలవంతం చేయలేదు. చేసి తెచ్చిన పనులు ఆమెవే.

మరో విషయం. భూపాల్ మా ఆఫీసుకు ఒక ఫిర్యాదు పంపాడు. "కాలనీలో ఒక రిటైర్డు మేడం సాయంత్రాలు తన వరండాలో పిల్లల్ని కూర్చోబెట్టి పోటీ బడి నడుపుతున్నారు. పాత పట్టా ముక్క వేలాడగట్టి కొడుతున్నారు. సముదాయించాలి" అని. చదివి అందరూ నవ్వారు. నేనూ నవ్వినట్టు కనిపించాను.

ఆ మేడం ఎవరో నేను అడగను. నాకు రాసిన రెండు ఉత్తరాల్లో ఆ వరండా ఊసే లేదని మాత్రం గుర్తు చేస్తున్నాను. సిగ్నల్ పోయిందా?

సుప్రజ


గోదావరిఖని
సెప్టెంబరు 27

సుప్రజా,

సిగ్నల్ పోలేదు. చెప్పే సమయం వచ్చేదాకా ఆగాను.

పట్టా ముక్కను పాత ఇనుము కొట్టుకు పంపుతుంటే నేను అడిగి తెచ్చుకున్నాను. జూలై నుంచి సాయంత్రం ఐదింటికి కొడుతున్నాను. వచ్చేవాళ్ళందరూ ట్యూషన్ కొనలేని పిల్లలే. లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు. ఫీజు లేదు. నియమం ఒకటుంది. గంట కొట్టాక వచ్చినవాళ్ళు పీరియడ్ అయ్యేదాకా మెట్ల మీద నిలబడాలి.

నీకది క్రూరంగా తోస్తుంది. వాళ్ళకు తోచలేదు. మొదటి వారంలోనే ఒక పిల్లవాడు నాతో అన్నాడు, "మీకాడ మంచిగున్నది మేడం. ఏం జెయ్యాలెనో ఎరికైతది" అని. బడిలో ఆ గదికీ ఈ గదికీ తిరిగి, ట్యూషన్ పిల్లలు ముందే నేర్చుకొచ్చిన పాఠాలు వాళ్ళు గడగడా చెబుతుంటే వీడు గోడ పక్కన చూస్తూ నిలబడతాడట. నీకు గంట కడుపులో ముడి. వాడికి అది తాడు. పట్టుకుని ఎక్కడానికి.

ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నువ్వు గంటను కాదనగలుగుతున్నావు. ఎందుకు? అది నీ ఒంట్లోకి ఎప్పుడో ఎక్కింది కాబట్టి. ఈత వచ్చినవాళ్ళు ఒడ్డు అక్కర్లేదంటారు.

ఇక నాకు నచ్చని సంగతి కూడా రాయాలి, లేకపోతే లెక్క సరిపోదు. దీప రావడం మానేసింది. రెండు వారాలు గంటకు ముందే వచ్చి ముందు వరుసలో కూర్చున్న పిల్ల, మూడో వారం రోజూ ఆలస్యం. మెట్ల మీద నిలబెట్టాను. ఎందుకని అడిగితే తల వంచుకుంది. మళ్ళీ రెండు వారాలు బాగా వచ్చింది. మళ్ళీ ఆలస్యం. నేను, "చదువు నీకు ఇష్టమైతే సమయం దొరుకుతుంది" అన్నాను. ఆ మర్నాటి నుంచి రాలేదు.

ఇంత తెలివిగల పిల్లలో ఇంత క్రమం లేకపోవడం నన్ను బాధపెట్టింది. మీ భూపాల్ చెప్పిందే నిజమేమోనని మొదటిసారి అనిపించింది.

అమ్మమ్మ


హైదరాబాదు
అక్టోబరు 11

అమ్మమ్మా,

నీ ఉత్తరం చదివి ఒక్క ప్రశ్న అడగాలనిపించింది. ఆ మూడో వారం శివ ఏ షిఫ్టులో ఉన్నాడు?

రెండు వారాలు సరిగ్గా వచ్చి, మూడో వారం ఆలస్యమై, మళ్ళీ రెండు వారాలు సరిగ్గా వచ్చిన పిల్లకు క్రమం లేదంటావా? లెక్కల టీచరువి. అది క్రమమే. షిఫ్టు మారే క్రమం.

తాతయ్య గనిలో అండర్‌మేనేజరుగా ఉన్న రోజులు గుర్తు చేసుకో. నీ గోడకు టైంటేబుల్ ఒకటి కాదు, మూడు ఉండేవి. ఒకే మేకుకు మూడు అట్టలు. ఆయన షిఫ్టు మారినప్పుడల్లా నువ్వు పై అట్ట మార్చేదానివి. ఫస్ట్ షిఫ్టు అట్ట, సెకండ్ షిఫ్టు అట్ట, నైట్ షిఫ్టు అట్ట. నైట్ షిఫ్టు అట్టలో ఎక్కాలు ఉండేవి కావు. ఎక్కాలు గట్టిగా చదవాలిగా, తాతయ్య లేస్తారు. ఆ వారమంతా చేతిరాత, మ్యాపులు, బొమ్మలు. అన్నీ చప్పుడు లేని పనులు. గిన్నె కింద పడితే నువ్వు నావైపు చూసే చూపు నాకింకా గుర్తుంది. మన ఇంట్లో గంట షిఫ్టుకు తగ్గి మోగేది. దీపకు మాత్రం ఒకటే గంట, ఒకటే మెట్టు.

ఇంత రాశాక నీ ప్రశ్నకు జవాబు ఎగ్గొడితే న్యాయం కాదు. జూన్ నుంచి ఎగ్గొడుతున్నాను.

శ్యామ్ బడిలో గంట లేదు. పరీక్షలు లేవు. మట్టితో ఆడతాడు, పాటలు పాడతాడు. సాయంత్రం సోమవారం ఈత, మంగళవారం అబాకస్, బుధవారం ఇంగ్లీషు చదివించే టీచరు ఇంటికొస్తుంది, గురువారం మళ్ళీ ఈత, శుక్రవారం చదరంగం. పడుకునే ముందు వాళ్ళ నాన్న పుస్తకం చదివి వినిపిస్తాడు, ఒక్కరోజు తప్పడు. ఇదంతా ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించాను. నా చేతిరాతే. నీలాగే గళ్ళు గీశాను, పై గడిలో వారాలు, పక్క గడిలో గంటలు.

నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజు దాన్ని తీసి సొరుగులో పెట్టాను. మర్నాడు పొద్దున మా ఇంట్లో ఎవరికీ ఏం చేయాలో తెలియలేదు. మళ్ళీ అంటించాను.

దీప ఇంటికి వెళ్ళు అమ్మమ్మా. నువ్వు వెళ్ళాలి, భూపాల్ కాదు.

సుప్రజ


గోదావరిఖని
నవంబరు 4

సుప్రజా,

వెళ్ళాను.

మధ్యాహ్నం మూడు దాటాక బడి వెనక సందులోకి వెళ్ళి, తలుపు దగ్గర నిలబడి "దీపా" అని పిలిచాను. ఆ పిల్ల పరుగున వచ్చి రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"మేడం, మెల్లగ! బాపు పండుకున్నడు."

"నేను మెల్లగానే పిలిచాను."

"మీ మెల్లగనే మాకు మైకు లెక్కున్నది మేడం" అంటూ జమున చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. ఆ రోజు ఆమెకు సెలవు. గుమ్మం బయట బండ మీద ముగ్గురం కూర్చున్నాం. లోపల ఒకటే గది. శివ గోడవైపు తిరిగి పడుకున్నాడు. కళ్ళ మీద తువ్వాలు.

నైట్ షిఫ్టు వారంలో వాళ్ళ సాయంత్రం ఇలా ఉంటుంది. ఐదు తర్వాత శివ లేస్తాడు. జమున గెస్ట్‌హౌస్‌ నుంచి చీకటి పడ్డాక గాని రాదు. అతనికి చాయ పెట్టడం, వంట చేయడం, టిఫిన్ కట్టడం దీప పని. నా గంట సరిగ్గా ఆ వేళకే మోగుతుంది.

"నాకు చెప్పొచ్చుగా?" అన్నాను.

దీప తల్లివైపు చూసింది. జమున అందుకుంది. "ఏం జెప్తది మేడం? ఇంట్ల అన్నం వండుతున్న అంటే అందరిముంగట ఇజ్జత్ పోతదని. మెట్ల మీద నిలవడ్డా ఫర్వా లేదనుకున్నది. చదువు ఇష్టం లేదన్నరు చూడుండ్రి, గప్పుడేడ్చింది."

ఆ మాట అన్నది నేనే.

"ఇంకోటి చెప్త, ఏమనుకోవద్దు" అంది జమున. "బడిల గంట తీసేసిన్నాడు నేను సంబురపడ్డ. ఈయన డ్యూటీ చేసి వచ్చి గిట్ల కండ్లు మూస్తడు, గట్ల ఠంగుమంటది. నిద్రలేకుంట క్వారీల లారీ తోలితే ఏమైతది? రోజు గదే ఫికర్ నాకు."

"మరి చదువు?"

"చదువు గావాలె. నిద్ర గావాలె. రెండిట్ల ఒకటి తీసుకోమంటే ఎట్ల మేడం? మీకెవలన్న అట్లంటే ఊకుంటరా?"

ఊరుకోను. ఊరుకోనని ఆమెకు చెప్పాను.

తర్వాత దీపను రుమాళ్ళ సంగతి అడిగాను. నీకు కుట్టుపని అంటే అంత ఇష్టమా అన్నాను. ఆ పిల్ల నన్ను వింతగా చూసింది.

"ఇంటికాడ ఏదన్న చేసుకరమ్మన్నరు మేడం. అందరు వంతెనలు చేసిన్రు, ఇండ్లు చేసిన్రు. మొలలు గొట్టాలె, కర్రలు గొయ్యాలె. మాది రేకుల ఇల్లు. ఒక్క మొల గొడితే బాపు లేస్తడు. సూదికి సప్పుడుండది."

"ఆ పనులన్నీ నైట్ షిఫ్టు వారమే ఎందుకు? మిగిలిన వారాల్లో చేయొచ్చుగా?"

"మిగిలిన వారాలల్ల మీకాడికి వస్తుంటి గద."

"బడిలో ఎవరికీ చెప్పలేదా?"

"ఎవలడిగిన్రు? సంచి సూపెట్టంగనే చప్పట్లు కొట్టిన్రు."

సుప్రజా, ఆ మాటను నీకు ఉన్నదున్నట్టు రాశాను. సూదికి చప్పుడు ఉండదు. నువ్వు మా ఇంట్లో చప్పుడు లేని వారాల్లో ఎన్ని మ్యాపులు గీశావో! నీకు మ్యాపులంటే ప్రాణమని ఎవరూ రాసుకోలేదు. నిన్ను ఇంకో దారికి పంపలేదు.

ఇప్పుడు చేసిన పనులు చెబుతాను. వరండాలో మేకు కొట్టి మూడు అట్టలు వేలాడదీశాను. ఏ పిల్ల తండ్రికి ఏ షిఫ్టో ఆ అట్ట. ఫస్ట్ షిఫ్టు వారం సాయంత్రం ఐదు. సెకండ్ షిఫ్టు వారం అదే సమయం, చిన్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఉంటే వెంట తెచ్చుకోవచ్చు, పలక నేనిస్తాను. నైట్ షిఫ్టు వారం తెల్లవారగానే, తండ్రి ఇంకా డ్యూటీ నుంచి రాకముందు. మెట్ల మీద నిలబెట్టడం ఉంది. తీసేయలేదు. కాకపోతే తమ అట్ట ప్రకారం ఆలస్యమైతేనే. ఆ పాత అట్టల కోసం పెట్టె వెతికాను, దొరకలేదు. నీకు గుర్తున్నంత నాకు గుర్తులేదు కాబోలు. కొత్తవి గీశాను.

దీప శుక్రవారం తెల్లవారగానే వచ్చింది. మొదటి వరుస.

ఇక నీ వంతు. జనవరిలో దారులు విడదీసే ముందు తొమ్మిదో తరగతి పిల్లలందరికీ ఒకే ప్రశ్నపత్రం ఇవ్వాలి. ఆసక్తి ఎవరిదేమిటో పెద్దలు ఊహించడం కాదు, పిల్ల ఏం చేయగలదో పిల్ల చేత్తో కనపడాలి. ఆ తర్వాత ఏ దారో ఆ పిల్లే చెప్పాలి. కుట్టుపని కావాలంటే కుట్టుపని. ఇది కమిటీలో నేను పెడతాను. మీ ట్రస్టులో నువ్వు పెట్టాలి. కాదంటే నేను హైదరాబాదు వచ్చి పెడతాను. నా మెల్లగ మీకు మైకు లెక్కుంటుంది.

శ్యామ్ టైంటేబుల్‌లో ఆదివారం ఖాళీ ఉంచావా? ఉంచు. నీకు నేను ఉంచలేదు.

అమ్మమ్మ


హైదరాబాదు
జనవరి 6

అమ్మమ్మా,

నువ్వు రానక్కర్లేకుండా అయింది.

సమావేశంలో నేను పద్ధతి గురించి పెద్దగా మాట్లాడలేదు. దీప మాట చెప్పాను. సూదికి చప్పుడు ఉండదు. ఎవరికీ అర్థం కాలేదు. రేకుల గది, నైట్ షిఫ్టు, తువ్వాలు కప్పుకున్న మనిషి, అన్నీ చెప్పాల్సి వచ్చింది. ఒకాయన, "ఇంట్లో పిల్లలకు వేరే గది ఉండదా?" అని అడిగాడు. మంచి మనిషే. ఎగతాళిగా అడగలేదు, తెలియక అడిగాడు. అప్పుడు నాకు తెలిసింది, మేము రాసిన పద్ధతిలో ప్రతి పేజీ వెనకా ఆ వేరే గది ఉందని. రాసిన నాకే కనిపించలేదు.

నిర్ణయాలు ఇవి. ఒకే ప్రశ్నపత్రం, సరే. దారి పిల్లే ఎంచుకోవాలి, సరే. బడిలోనే ఉదయం, సాయంత్రం చదువు పీరియడ్లు, టీచర్లు ఉండాలి, షిఫ్టుల ప్రకారం, సరే. గంటకు మాత్రం ఒప్పుకోలేదు. అది మా ఆశయానికి విరుద్ధమట.

ఇంకోటి. నన్ను ఈ పని నుంచి తప్పించి పుస్తకాల విభాగంలో వేశారు. నేను మా అమ్మమ్మ బడి కోసం మాట్లాడుతున్నానని ఎవరో అన్నారు. అబద్ధం కాదుగా. బాధపడటం లేదు. కొంచెం పడుతున్నాను.

వేసవిలో శ్యామ్‌ను తీసుకుని వస్తాను. నీ నైట్ షిఫ్టు అట్ట పిల్లలకు ఇంగ్లీషు నేను చెబుతాను. ఐదింటికి లేస్తాను, భయపడకు.

దీప పరీక్ష ఎలా రాసిందో వెంటనే రాయి. ఫోను చేసినా పర్వాలేదు.

సుప్రజ


గోదావరిఖని
ఫిబ్రవరి 3

సుప్రజా,

ఫోను చేయలేదు. కాగితం మీద ఉండాల్సిన సంగతి.

దీప మొదటి స్థానం రాలేదు. రెండోదీ కాదు. ట్యూషన్ పిల్లలు చాలామంది ఆమెకన్నా ముందున్నారు. తరగతిలో మధ్యకన్నా కొంచెం పైన ఉంది. లెక్కల్లో బాగుంది, ఇంగ్లీషులో బాగా లేదు. అది నువ్వు వేసవిలో చూసుకో. ఏ దారి అని భూపాల్ అడిగితే, "పరీక్ష దారి, సార్" అంది. ఇంకేమైనా చెబుతావా అని అడిగాడు. "రుమాళ్ళు గావాల్నంటే కుట్టి ఇస్త" అంది. భూపాల్ నవ్వి, ఆ మర్నాడు వాళ్ళ ఇంటికి వెళ్ళి జమునతో మాట్లాడి వచ్చాడు. గుమ్మం దగ్గర చెప్పులు చప్పుడు కాకుండా విడిచాడట. నేర్చుకుంటాడు.

నీ ఉద్యోగం సంగతి. నువ్వు కొంచెం బాధపడుతున్నానని రాశావు. నేను కొంచెం గర్వపడుతున్నాను. రెండూ రాసుకో.

గంటకు మీ ట్రస్టు ఒప్పుకోలేదన్నావు. కమిటీలో నేను చెప్పాను. గది మీది, పద్ధతి మీది, పట్టా ముక్క మాది. అడిగి తెచ్చుకున్నదాన్ని నేనే తిరిగి ఇస్తున్నాను, ఎక్కడ కట్టాలో కాలనీ చెబుతుంది. ఈసారి తీర్మానం మా వైపు పోయింది. కానీ జమున మాట నా చెవిలోనే ఉంది. అందుకని కట్టే ముందు శివను పిలిపించాను.

అతను నైట్ షిఫ్టు దిగి, మట్టి బట్టలతోనే వచ్చాడు. గంటను అటూ ఇటూ తిప్పి చూశాడు. మర్నాడు బొగ్గు మోసే బెల్టులోంచి తీసిపారేసిన రబ్బరు ముక్క ఎక్కడినుంచో తెచ్చి, కొట్టే కడ్డీ చివర చుట్టి తీగతో బిగించాడు.

"గంట గొట్టుండ్రి మేడం. నా బిడ్డకు గంట గావాలె. కానీ గిది కట్టి కొట్టుండ్రి" అన్నాడు.

రాయమల్లు దాన్ని ఇదివరకటిలా వెనక గోడ మీద కాక, మైదానం వైపు వరండాలో కట్టాడు. రబ్బరు చుట్టిన కడ్డీ చూసి మొహం చిట్లించాడు. "ఠంగుమనాలె గని గిదేంది, దగ్గినట్టు" అన్నాడు. అయినా పరీక్ష చేశాం. అతను కొట్టేవాడు, జమున తన గుమ్మంలో నిలబడి వినిపిస్తే చెయ్యెత్తేది. మొదటిసారి ఎత్తింది. ఇంకో పొర చుట్టారు. మళ్ళీ ఎత్తింది, సగం. మూడోసారి ఎత్తలేదు. మైదానంలో ఉన్న పిల్లలు మాత్రం అప్పటికే వరండా దగ్గరికి వచ్చేశారు.

నిన్న మంగళవారం. శివకు నైట్ షిఫ్టు వారం. ఉదయం గది దగ్గరికి వెళ్ళి చూశాను. అతను పడుకున్నాడు, కళ్ళ మీద తువ్వాలు. బడిలో మొదటి గంట దీప కొట్టింది. జమున గుమ్మంలోకి వచ్చి లోపలికి తొంగిచూసి, నావైపు తిరిగి చెయ్యి అడ్డంగా ఊపింది.

శివ లేవలేదు. పిల్లలందరూ లోపలికి వెళ్ళారు. మొదటి పీరియడ్ లెక్కలు.

అమ్మమ్మ